చెట్టూ గోడా: ఒక నిక్కచ్చి పోలిక

పచ్చని చెట్ల మధ్య గడిపితే ఒంటికీ మనసుకీ మంచిదని అననివాళ్లు లేరు. రుజువు చెయ్యబోతేనే చిక్కు. రోజూ పార్కుకు వెళ్లేవాళ్లు ఆరోగ్యంగా ఉన్నారంటే అది చెట్ల చలవా, నడక చలవా? అసలు ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లే పార్కుకు వస్తున్నారేమో? ఈ ముడిని రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో ‘సైన్స్’ పత్రికలో విప్పారు. అచ్చులో రెండే పేజీలు. పరిశోధన ఎలా చెయ్యాలో నేర్చుకోదలచిన ఎవరికైనా ముందుగా చదవమని చెప్పదగిన వ్యాసం అది.

ఆయన నడిచేవాళ్ల జోలికే పోలేదు. మంచం దిగలేనివాళ్లను చూశారు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక శివారు ఆసుపత్రి. ఒక విభాగంలో రెండు, మూడు అంతస్తుల గదులన్నీ దాదాపు ఒకే కొలతలు. మంచాల అమరిక, సామాను కూడా ఒకే తీరు. తేడా అంతా కిటికీలోనే. కొన్నింటికి ఎదురుగా చెట్ల గుంపు, కొన్నింటికి గోధుమరంగు ఇటుక గోడ. ఏ గది ఖాళీ అయితే ఆ గదికి రోగిని పంపేవారు కాబట్టి, చెట్లంటే ఇష్టమున్నవాళ్లంతా ఒకవైపు చేరే వీల్లేదు. ఇలాంటి చోటును కనిపెట్టడంలోనే సగం ప్రతిభ ఉంది.

మిగతా సగం, 1972 నుంచి 1981 దాకా ఉన్న రికార్డులను బియ్యంలో రాళ్లు ఏరినంత ఓపికగా ఏరడంలో ఉంది. పిత్తాశయం తీసేసే ఆపరేషన్ జరిగినవాళ్లనే తీసుకున్నారు. ఇరవై ఏళ్ల లోపువాళ్లనూ, అరవై తొమ్మిది దాటినవాళ్లనూ, ఆపరేషన్ తర్వాత పెద్ద చిక్కులు వచ్చినవాళ్లనూ వదిలేశారు. మే 1కీ అక్టోబరు 20కీ మధ్య ఉన్నవాళ్లే లెక్కలోకి వచ్చారు. చలికాలంలో ఆ చెట్లకు ఆకులే ఉండవు మరి! ఆ తర్వాత చెట్టు వైపు ఒకరు, గోడ వైపు ఒకరు చొప్పున జతలు కట్టారు. ఆడవారికి ఆడవారు, మగవారికి మగవారు. వయసు, పొగతాగే అలవాటు, స్థూలకాయం, అంతస్తు అన్నీ సరిచూశారు. రెండో అంతస్తులోనైతే గది గోడల రంగు కూడా కలిపారు. ఇంత జల్లెడ పడితే మిగిలింది 23 జతలు, 46 మంది. రికార్డుల్లోంచి వివరాలు ఎత్తిరాసిన నర్సుకు ఏ రోగి కిటికీలో ఏముందో తెలియనివ్వలేదు. రంగు కలపడం, నర్సుకు చెప్పకపోవడం చూస్తే చాలు, ఈయన తన నమ్మకాన్నే ముందుగా అనుమానించారని అర్థమవుతుంది.

ఫలితాలు గొంతు పెంచవు. చెట్టు వైపువాళ్లు ఆసుపత్రిలో సగటున 7.96 రోజులున్నారు, గోడ వైపువాళ్లు 8.70 రోజులు. ఒక్క రోజు కూడా తేడా లేదు. దిగులుగా ఉన్నారనీ, ధైర్యం చెప్పాల్సి వస్తోందనీ నర్సులు రాసుకున్న మాటలు మాత్రం చెట్టు వైపు మనిషికి 1.13, గోడ వైపు 3.96. నొప్పి మందుల లెక్క నాకు అన్నిటికంటే నచ్చింది. మొదటి రోజు తేడా లేదు, మత్తులోనూ నొప్పిలోనూ ఉన్న మనిషి కిటికీ వైపు ఏం చూస్తాడు? చివరి రోజుల్లోనూ లేదు, అప్పటికి చాలామందికి మందుల అవసరమే తగ్గింది. రెండో రోజు నుంచి ఐదో రోజు దాకానే గోడ వైపువాళ్లకు గట్టి మందులు ఎక్కువగా కావాల్సివచ్చాయి, చెట్టు వైపువాళ్లు ఆస్పిరిన్ లాంటి చిన్న మందులతో నెట్టుకొచ్చారు. కిటికీ పనిచేయగల రోజుల్లోనే తేడా కనబడింది. నా దృష్టిలో ఈ వ్యాసానికి అసలు బలం ఇదే.

ఆందోళన తగ్గించే మందుల్లో, చిన్నచిన్న ఇబ్బందుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదని కూడా ఆయన దాచకుండా రాశారు. ఈ వ్యాసం పేరు చెప్పి చెట్లు రోగాలు నయం చేస్తాయనేవాళ్లు ఆ వాక్యాలను దాటేస్తారు. నలభై ఆరుగురితో, ఒక్క ఆసుపత్రితో అంత పెద్ద మాట నిలబడదు. పైగా ఇది అద్దం వెనక నుంచి చూసిన పచ్చదనం. గాలి, ఎండ, మట్టి వాసన, నడక ఏవీ ఇందులో లేవు. చూపు ఒక్కదానితోనే ఇంత జరిగితే ఆరుబయట గడిపే గంట ఏం చెయ్యగలదో వేరే కొలవాలి. ఉల్రిచ్ తన హద్దును ఇంకా దగ్గరగా గీసుకున్నారు. ఆ గోడ మరీ బోడిదనీ, కట్టడాలు కనిపించే కిటికీలన్నిటికీ ఈ తీర్పు వర్తించదనీ, ఎక్కువ కాలం మంచాన పడి విసిగిన మనిషికి సందడిగా ఉన్న వీధే చెట్ల కంటే మేలు చెయ్యవచ్చనీ రాశారు.