దిగడంలోనే ఉంది విద్య

కొండల్లోకి క్యాంపర్‌వ్యాన్ తీసుకెళ్తున్నామంటే అందరూ ఎక్కడం గురించే అడుగుతారు. అంత బరువును బండి లాగుతుందా, మలుపుల్లో తిరుగుతుందా అని. ఆస్ట్రియా, స్లొవేనియా కొండల్లో నడిపాక నాకు బోధపడింది ఇది: ఎక్కించే పని ఇంజను చూసుకుంటుంది, మనం నేర్చుకోవలసిందంతా దిగడంలో ఉంది.

మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, గ్యాస్ సిలిండరు, సామాను అన్నీ కలిపి వ్యాను మూడు టన్నులకు తక్కువ తూగదు. అక్కడి కారు లైసెన్సుతో 3.5 టన్నుల బండి దాకా నడపొచ్చు కాబట్టి చాలా వ్యాన్లను ఆ హద్దులోనే కడతారు. అంత బరువును పల్లంలో బ్రేకు తొక్కుతూనే దింపితే డిస్కులు సలసలా కాగిపోతాయి. ఆ వేడికి బ్రేకు ఆయిల్ మరిగి బుడగలు కట్టిందంటే పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. అందుకే ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలంటారు డ్రైవర్లు. తిరుమల ఘాట్‌లో బస్సు దింపే మనవాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఆస్ట్రియాలోని గ్రోస్‌గ్లోక్నర్ రోడ్డు ఈ విద్యకు మంచి బడి. ఫ్రాంజ్ వాలాక్ అనే ఇంజినీరు రూపొందించిన ఆ రోడ్డు 1935లో తెరుచుకుంది. పొడవు 48 కిలోమీటర్లు, హెయిర్‌పిన్ మలుపులు 36. హోఖ్‌టోర్ కనుమ దగ్గర 2,504 మీటర్ల ఎత్తుకు చేరి, అక్కణ్నుంచి అవతలి లోయలోకి దిగుతుంది. దిగేముందే చిన్న గేరు వేసుకోవాలి. వేగం మలుపుకు ముందే తగ్గించాలి, మలుపులోకి వచ్చాక కాదు. వెనక బండ్లు జమయితే పక్కకు తీసి పోనివ్వాలి. అలా ఆగిన కాసేపట్లో బ్రేకులు చల్లారతాయి, ఎదుట మంచుకొండలను చూసే తీరికా దొరుకుతుంది.

స్లొవేనియాలోని వర్షిచ్ కనుమలో మాత్రం నెమ్మదికి ఇంకో కారణం తోడవుతుంది. ఎత్తు 1,611 మీటర్లే కానీ మలుపులు 50. ప్రతి మలుపుకూ అంకె ఉంటుంది. క్రాన్‌స్కా గోరా ఊరి వైపు మలుపుల్లో ఇప్పటికీ రాళ్లు పరిచి ఉంటాయి, చక్రాల కింద గలగలమంటూ. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా-హంగరీ సైన్యం ఈ రోడ్డును రష్యన్ యుద్ధఖైదీల చేత వేయించింది. 1916 మార్చిలో మంచుచరియ విరిగిపడి వందమందికి పైగా చనిపోయారు. వాళ్ల జ్ఞాపకంగా తోటి ఖైదీలు కట్టిన చిన్న చెక్క చర్చి దారి పక్కనే ఉంది. మనం సెలవుల్లో సరదాగా తిరిగే మలుపులు వాళ్లు చలిలో, ఆకలితో తవ్వినవి. అక్కడ బండి ఆపి ఆ చర్చి దాకా నడవకుండా వెళ్లిపోవడం నాకు తప్పనిపిస్తుంది.

కనుమ దిగాక కూడా ఓ మర్యాద ఉంది. స్లొవేనియాలో ఎక్కడపడితే అక్కడ వ్యానులో పడుకోవడానికి చట్టం ఒప్పుకోదు. కింద సోచా నది లోయలో క్యాంపింగ్ స్థలాలున్నాయి. సింకు కింద చేరిన మురుగునీళ్లు, మరుగుదొడ్డి డబ్బా అక్కడి నిర్ణీత చోటే ఖాళీ చేయాలి. పచ్చగా మెరిసే ఆ నదిని చూసినవాళ్లకు ఈ నియమం బరువనిపించదు.

వెళ్తామనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: రోజుకొక కనుమ చాలు. వేసవిలో మధ్యాహ్నం దాటితే ఉరుములతో వాన పట్టుకుంటుంది కాబట్టి పొద్దున్నే ఎక్కండి. ఎన్ని కిలోమీటర్లు మిగిలాయో లెక్క చూసుకుంటే కాలు తెలియకుండానే యాక్సిలరేటర్ మీదికి పోతుంది. దిగడానికి ఎక్కినంత సమయమూ ఇవ్వండి. అంత తీరిక లేని రోజున లోయలోనే ఉండిపోండి, కొండ మర్నాడూ అక్కడే ఉంటుంది.