ఎడమకాలితో ఆడించిన మాస్టారు

1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుదే. 1950లోనే డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్ కూడా ఆ జట్టు చేతిలో ఓడింది. వాళ్లకు ఆట నేర్పింది ఒక బడిపంతులు, సయ్యద్ అబ్దుల్ రహీం. అప్పుడు మన సిద్దిపేట కూడా హైదరాబాద్ రాష్ట్రంలోదే. అందుకే ఈ కథ మన ఇంటి కథ.

రహీం సాబ్ 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదువుతూ యూనివర్సిటీ జట్టుకు ఆడారు. తర్వాత సిటీ కాలేజీ పాత విద్యార్థుల జట్టు ఇలెవన్ హంటర్స్‌లో ఆడారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్లలో పాఠాలు చెప్పారు. కాలేజీ మైదానంలో కలిసి ఆడే అలవాటు, బళ్లో ఓపికగా నేర్పే అలవాటు రెండూ ఆయన ఫుట్‌బాల్‌లో కనిపిస్తాయి.

ఆయన పద్ధతుల్లో నాకు బాగా నచ్చినది పోటీలకు పెట్టిన షరతులు. ఒక టోర్నమెంటులో డ్రిబ్లింగ్ బంద్. బంతి కాలికి తగలగానే వదిలేయాలి. ఈ షరతుతో ఆడే కుర్రాణ్ణి ఐదు నిమిషాలు గమనించండి. మొదట బంతి వచ్చాక తల ఎత్తి చూస్తాడు, ఆలోపే ఎదుటివాడు మీద పడతాడు. రెండుసార్లు బంతి పోగొట్టుకున్నాక, అది ఇంకా దారిలో ఉండగానే మెడ తిప్పి పక్కవాడెక్కడున్నాడో చూసుకుంటాడు. పాస్ ఇచ్చినవాడు కూడా నిలబడిపోడు, ఖాళీ జాగాలోకి ఉరుకుతాడు. “చూసి ఆడండిరా” అని గొంతు చించుకున్నా రాని గుణం ఒక్క షరతుతో వచ్చేస్తుంది.

ఇంకో టోర్నమెంటులో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాడికి కుడికాలు పనికిరాదు. మొదట్లో బంతి ఎటో పోతుంది. కానీ రెండు కాళ్లూ ఆడేవాణ్ణి కాపు కాయడం కష్టం, ఎటు తిరుగుతాడో ఎదుటివాడికి అంతుపట్టదు. పొట్టివాళ్లకు విడిగా పోటీలు పెట్టారు. తలకెత్తు బంతులతో లాభం లేదు కాబట్టి ఆటంతా నేల మీదే సాగేది.

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మన జట్టును 10-1తో చిత్తు చేసింది. మనవాళ్లు చాలామంది వట్టికాళ్లతో ఆడారు. నాలుగేళ్లకే, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం శిక్షణలోని భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరి, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. అసలు పరీక్ష 1962 జకార్తా ఆసియా క్రీడలు. రహీం సాబ్‌కు అప్పటికే క్యాన్సర్. స్టేడియమంతా మనవాళ్లకు వ్యతిరేకంగా అరుస్తోంది. మన ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడ్డాయి. జట్టులో హైదరాబాదీ యూసుఫ్ ఖాన్ లాంటివాళ్లూ ఉన్నారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం గెలిచారు. మరుసటి ఏడు జూన్‌లో ఆయన కన్నుమూశారు.

ఆయన పద్ధతికి పెద్ద ఖర్చు లేదు. సిద్దిపేటలో ఏ కాలేజీ పీడీ సార్ అయినా రేపు సాయంత్రమే మొదలుపెట్టొచ్చు. మైదానాన్ని సగానికి కుదించి, జట్టుకు ఆరుగురు చొప్పున నిలబెట్టాలి. డ్రిబ్లింగ్ చేస్తే బంతి ఎదుటి జట్టుకిచ్చేయాలి. ఆట కుదురుకున్నాక వాటమైన కాలినీ బంద్ పెట్టాలి. గోల్స్ కన్నా ముందు పాసులు లెక్కపెట్టాలి.