లోక్రియో పాకప్రశస్తి

హిస్పానియోలా ద్వీపమున తూర్పు భాగమైన డొమినికన్ రిపబ్లిక్‌లో ‘లోక్రియో’ యను ఏకపాత్రాన్నమును వండువారి నేర్పు మిక్కిలి శ్లాఘనీయము. పుల్లనారింజ రసము, వెల్లుల్లి, ఒరెగానో పట్టించిన లోంగనీసా యను పందిమాంసపు సాసేజిని ముక్కలు చేసి, కాల్దేరో యను మందమైన అల్యూమినియపు పాత్రలో వేయించి, అది విడిచిన కొవ్వునందే ఉల్లిని, తీపి మిరపను, టమాటా ముద్దను మగ్గించి, రొయ్యల పెంకులు మరిగించిన నీటిని ఎసరుగా పోసి, బియ్యముడికి నీరింకిన పిదప మూతవేసి సన్నసెగపై నుంచుటలో ఆ విద్య యంతయు నిమిడియున్నది. రొయ్యలను మాత్రము కడపటనే చేర్పవలెను. ముందే వేసినచో గట్టిపడి మాధుర్యమును గోల్పోవును. ఆహా, ఆ నిరీక్షణ యెంత కఠినము! అడుగున కరకరలాడు పొరను వారు ‘కొంకోన్’ అని పిలిచి ప్రీతితో పంచుకొందురు. దానిని మాడనీయక ఎఱ్ఱగా దేల్చినవారే, నా దృష్టిలో, ఈ వంట యెరిగినవారు.