నేల ఎవరిదని అడిగే వకీలు

జంషెడ్‌పూర్‌లో ఇల్లు కొనబోయేవారు అనుభవం ఉన్న వకీలు దగ్గరికి వెళితే, ఆయన ముందుగా అడిగేది ఆ నేల ఎవరిదని. అమ్మేవారి పేరు చెబితే ఆయనకు సరిపోదు.

1907లో పుట్టిన టాటా ఉక్కు కంపెనీ సాక్చి గ్రామం దగ్గర కర్మాగారం కట్టింది. 1919లో ఊరికి టాటా సంస్థల వ్యవస్థాపకుడు జంషెడ్‌జీ పేరు వచ్చింది. జమీందారీ రద్దయ్యాక కంపెనీ భూమి ప్రభుత్వానిదై, కంపెనీ లీజుదారు అయింది. 1985లో రాసుకున్న లీజు 1956 నుంచే అమలైనట్టు లెక్క. 2005లో దాన్ని పొడిగిస్తూ 2025 డిసెంబరు 31 దాకా గడువు పెట్టారు, 86 బస్తీలను లీజు నుంచి తప్పించారు. అందుకే పక్కపక్క పేటల్లోనే హక్కు రకం మారిపోతుంది. ఒకచోట సబ్‌లీజు, ఒకచోట ప్రభుత్వ భూమిలో దశాబ్దాల కాపురం, ఇంకోచోట రైతు పేరిట ఖతియాన్, అంటే భూమి హక్కుల రికార్డు.

ఆ ఖతియాన్‌లో ఆదివాసీ పేరుంటే కథ వేరు. మన మన్యంలో 1/70 చట్టం ఉన్నట్టే, అక్కడ 1908 నాటి ఛోటానాగ్‌పూర్ టెనెన్సీ చట్టం ఉంది. దాని 46వ సెక్షన్ ప్రకారం ఆదివాసీ రైతు తన భూమిని అదే పోలీసు స్టేషన్ పరిధిలో ఉండే ఆదివాసీకే, డిప్యూటీ కమిషనర్ అనుమతితోనే అమ్మగలడు. దళిత, వెనుకబడిన వర్గాల రైతుల భూమికి జిల్లా హద్దు ఉంది. దీన్ని తప్పించుకోడానికి పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే లాభం లేదు. అలాంటి కాగితాలతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. అక్రమంగా చేతులు మారిన భూమిని తిరిగి ఇప్పించడానికి 71ఏ సెక్షన్ ఉంది. ఫీజు పోయినా సరే, ‘ఈ భూమి కొనొద్దు’ అని క్లయింటు మొహం మీదే చెప్పగలిగిన న్యాయ సంస్థనే గొప్ప సంస్థ అనాలి.

ఇక వ్యాపార కేసులకు వస్తే, ఖర్కాయీ నది దాటితే ఆదిత్యపూర్. పెద్ద కర్మాగారాలకు విడిభాగాలు చేసిచ్చే చిన్న యూనిట్లు అక్కడివి. వాటి గోడు బకాయిలు. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలని 2006 చట్టం చెబుతోంది. ఈ బకాయిల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో ఓడిన కొనుగోలుదారు ఆ తీర్పును సవాలు చేయాలంటే తీర్పు సొమ్ములో 75 శాతం ముందే జమ చేయాలి. ఈ దారి వదిలేసి మామూలు దావా వేయించిన వకీలు, క్లయింటుకున్న ఆయుధాన్ని తీసి అటకమీద పెట్టినట్టే.

వాణిజ్య కోర్టుకు వెళ్లాలన్నా లెక్కలున్నాయి. వివాదం విలువ కనీసం మూడు లక్షలుండాలి. అత్యవసర ఉత్తర్వు అక్కర్లేని కేసులో ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రతివాది సమన్లు అందిన 120 రోజుల్లోగా జవాబు వేయకపోతే ఆ హక్కు పోతుంది. పేషీకొక వాయిదా అడిగే అలవాటు ఇక్కడ ప్రాణాంతకం.

షెడ్డు స్థలం మీద తగాదా వస్తే భూమి కేసూ వ్యాపార కేసూ ఒక్కచోటే కలుస్తాయి. ఆ స్థలం నిజంగా వ్యాపారానికి వాడుకలో ఉంటేనే అది వాణిజ్య వివాదమని 2019లో అంబాలాల్ సారాభాయ్ కేసులో తీర్పు వచ్చింది. తప్పు కోర్టులో వేసిన దావా తిరిగొచ్చేసరికి ఏళ్లు గడిచిపోతాయి. రెండు విద్యలూ ఒకే కప్పు కింద ఉన్న సంస్థ విలువ అప్పుడే తెలుస్తుంది.

బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకుని, కద్మా, సోనారీల్లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఒక మనవి. అడ్వాన్సు ఇవ్వకముందే ఖతియాన్ నకలు, మ్యుటేషన్ కాగితం, లగాన్ రసీదు, సబ్‌లీజు అయితే దాని ఒప్పందం తెచ్చి వకీలు చేతిలో పెట్టండి.