కాగితం అంటుకోలేదు

మామిడి సీజనులో మా షెడ్డుకొచ్చే బళ్ళలో చాలా మటుకు నూజివీడు వైపు నుంచి నున్న మార్కెట్టుకి కాయ తోలేవే. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళుగా వైరింగ్ పని చేస్తున్నాను. మే నెల వచ్చిందంటే పొద్దున్నే వినబడే మాట ఒకటే: "మేస్త్రీ, బండి హీటెక్కుతోంది." ఈ ఏడు వచ్చిన ఒక బండి గురించి రాయాలనిపించింది. దాని మీద అప్పటికే బోలెడు డబ్బు పోశారు, రోగం మాత్రం ఉన్నచోటే ఉంది.

ఏసీ లేని పాత డీజిల్ పికప్ అది. బెల్టుతో తిరిగే ఫ్యాను క్లచ్చు పాడైతే తీసేసి, వేరే ఊళ్ళో 16 అంగుళాల కరెంటు ఫ్యాను పెట్టించాడు కుర్రాడు. ఓనరూ అతనే, డ్రైవరూ అతనే. నాలుగో రోజు నుంచి తంటా మొదలైంది. హైవే మీద గేజు ముల్లు కదలదు. లోడుతో మార్కెట్టు లైనులో నిలబడితే పది నిమిషాల్లో ఎర్రగీత దాటుతుంది. థర్మోస్టాట్ మార్చారు, రేడియేటర్ మూత మార్చారు, రాత్రిపూట లైట్లు మసకబారుతున్నాయని బ్యాటరీ కూడా మార్చారు.

"నీళ్ళు తగ్గుతున్నాయా అబ్బాయ్?"

"చుక్క తగ్గట్లేదు మేస్త్రీ. ఫ్యాను కూడా బ్రహ్మాండంగా తిరుగుతోంది, హోరు వినండి."

పరుగులో చల్లగా ఉండి నిలబడితే వేడెక్కుతోందంటే నాకు ముందు గాలి మీదే అనుమానం. పరుగులో ఎదురుగాలి ఆ పని చేసిపెడుతుంది, ఆగినప్పుడు భారమంతా ఫ్యానుదే. అదే లోడుతో పరుగెత్తేటప్పుడు వేడెక్కితే రేడియేటర్ పూడిందేమో చూస్తాను. ఒక నోటుబుక్కు కాగితం చింపి, ఇంజను నడుస్తుండగా రేడియేటర్ ముందు పెట్టాను. వెనకనుంచి లాగే ఫ్యాను సరిగ్గా పనిచేస్తే కాగితం జాలీకి అతుక్కుని ఉండాలి. నడిమధ్యలో కాసేపు నిలిచి జారిపోయింది. మూలల్లో అసలు అంటుకోనే లేదు.

మూలల సంగతి తేలికే. కొత్త ఫ్యానుకి అడ్డమొస్తోందని పాత ప్లాస్టిక్ తొడుగు పీకేశారు. తొడుగు లేని ఫ్యాను తనకు ఎదురుగా ఉన్న గుండ్రటి భాగం నుంచే ఎక్కువ గాలి లాగుతుంది, నాలుగు మూలలూ దాదాపు ఖాళీగా పోతాయి. పక్క షెడ్డు టింకరు అల్యూమినియం రేకుతో సాయంత్రానికల్లా తొడుగు కట్టిపెట్టాడు.

మధ్యలో కూడా లాగుడు ఎందుకు లేదన్నదే అసలు ప్రశ్న. మీటరు తీశాను. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు. ఫ్యాను ప్లగ్గు దగ్గర 10.9. దాదాపు 3 వోల్టులు దారిలోనే పోతున్నాయి. మీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఫ్యాను ఎర్తు వైరు మీద పెట్టి చూస్తే 2 వోల్టులు చూపించింది. మంచి ఎర్తులో ఆ అంకె 0.2 దాటకూడదు. ఎర్తు వైరుని రేడియేటర్ పట్టీకి రంగు మీదే బోల్టు వేసి బిగించారు. ఆ బోల్టు మర ఎక్కడో ఇనుముని తాకుతోంది, అంతే.

అంతకుముందు చూసిన మేస్త్రీకి ఇది ఎందుకు దొరకలేదో చెప్పాలి, ఎందుకంటే నేను కూడా ఆ పద్ధతిలోనే పని నేర్చుకున్నాను. అతను టెస్ట్ ల్యాంపుతో చూశాడు, బల్బు ధగధగా వెలిగింది, ఎర్తు బాగుందన్నాడు. చిన్న బల్బు తాగేది అర ఆంపియరు కూడా ఉండదు. ఆ ఫ్యాను తాగేది 20 ఆంపియర్లు. ఎర్తులో ఓమ్‌లో పదో వంతు అడ్డు పడిందనుకోండి, బల్బు దగ్గర 0.05 వోల్టు కూడా పోదు, ఫ్యాను దగ్గర 2 వోల్టులు పోతాయి. సన్న దారిలో ఒక మనిషి హాయిగా నడిచిపోతాడు, తిరునాళ్ళ జనం పట్టరు. అందుకే ఏ వైరునైనా దాని పూర్తి బరువు దాని మీద ఉండగానే కొలవాలంటాను. ఫ్యాను ఆపి కొలిచిన కొలత ఫ్యానుకి పనికిరాదు.

రంగు గీకి, ఇనుము మెరిసేదాకా తెచ్చి, లావు వైరు నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి వేశాను. ఫ్యాను శబ్దమే మారిపోయింది. కుర్రాడు బానెట్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

అప్పుడు, వెళ్ళబోతూ ఒక మాట అన్నాడు: "తాళం తీసేశాక కూడా ఇంజను రెండు సెకన్లు ఆగట్లేదు మేస్త్రీ, అది మామూలేనా?" మామూలు కాదు. ఫ్యాను రిలేకి వచ్చే కరెంటు కూడా, రిలేని కలిపే కరెంటు కూడా ఒకే తాళం వైరు నుంచి లాగారు. తాళం తిప్పేశాక కూడా ఫ్యాను ఊపు మీద తిరుగుతూనే ఉంటుంది. అలా తిరిగే మోటారు కాసేపు డైనమోలా పనిచేసి కరెంటు వెనక్కి తోస్తుంది. దాంతో రిలే విడిపోదు, డీజిల్ ఆపే వాల్వు మూసుకోదు. పైగా 20 ఆంపియర్లూ తాళం గుండా పోతున్నందువల్ల తాళం వెనక ప్లగ్గు వేడికి కమిలిపోయింది. మోటారు కరెంటుని ఫ్యూజు వేసి నేరుగా బ్యాటరీ నుంచి తెచ్చి, తాళం వైరుకి రిలేని కలిపే చిన్న పని మాత్రం వదిలాను. ఇంజను తాళంతో పాటే ఆగింది. లైట్ల మసక మాత్రం పూర్తిగా పోలేదు. స్లోలో పాత డైనమో ఫ్యానుని, హెడ్‌లైట్లని ఒకేసారి మోయలేదు. పెద్ద డైనమో వేసుకోమన్నాను.

అంబాసిడర్‌లో ఫ్యాను బెల్టు మీద తిరిగేది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800లో ఇంజను అడ్డంగా ఉంటుంది కాబట్టి ఫ్యాను కరెంటుదే. ఆ బండి వైరింగ్, డైనమో అన్నీ ఆ లెక్కతోనే కట్టారు. పాత పికప్‌కి అలాంటి లెక్కేమీ వేయలేదు, మనమే వేసుకోవాలి. నిండు లోడు మోసే బండికి బెల్టు ఫ్యాను బాగుచేయించుకోవడమే మేలని ఇప్పటికీ నా అభిప్రాయం.

కరెంటు ఫ్యాను పెట్టించుకునేవాళ్ళకి ఒక్క మనవి. డబ్బులిచ్చే ముందు, ఫ్యాను తిరుగుతుండగా, బ్యాటరీ దగ్గరా ఫ్యాను ప్లగ్గు దగ్గరా వోల్టులు కొలిచి చూపించమనండి. తేడా అర వోల్టు దాటితే బండి షెడ్డులోనే ఉంచండి.