సంఖ్య వెనుక సాక్ష్యము: వైద్య పత్రికల ఆధారసూచన పద్ధతిపై ఒక విమర్శ

వేదాంత కళాశాలలో శిక్షణ పొందినవారికి పాదసూచిక క్రొత్త విషయము కాదు. పుట అడుగున గ్రంథకర్త పేరు, గ్రంథము పేరు, ప్రచురణ స్థలము, సంవత్సరము, పుట సంఖ్య వ్రాయుట మనకు అలవాటైన పనియే. అయితే ఆసుపత్రులలో చాప్లెయిన్లుగా పనిచేయు బోధకులు వైద్యులతో కలిసి వైద్య పత్రికలకు వ్యాసములు పంపవలసి వచ్చినప్పుడు ఈ అలవాటు అక్కరకు రాదు. మరణపడకపై ఉన్న రోగుల పరామర్శను గూర్చి ఒక వైద్యునితో కలిసి మేము సిద్ధపరచిన వ్రాతప్రతి ఒక పత్రిక నుండి తిరిగి వచ్చినది. విషయములో దోషమున్నదని కాదు. ఆధారములు వాంకూవర్ పద్ధతిలో లేవని. దానిని సరిచేయుచుండగా ఆ పద్ధతి మేలును, లోపమును గూర్చి మాకు కలిగిన ఆలోచనలను ఈ వ్యాసములో పరిశీలింప దలచితిమి.

1. పద్ధతి స్వరూపము

1978 జనవరిలో కొందరు వైద్య పత్రికల సంపాదకులు కెనడాలోని వాంకూవర్ నగరములో సమావేశమై, తమకు వచ్చు వ్రాతప్రతుల రూపమును గూర్చి ఉమ్మడి నియమములు ఏర్పరచుకొనిరి. 1979లో అవి మొదటిసారి ప్రచురింపబడెను. ఆ చిన్న గుంపే తరువాత వైద్య పత్రికా సంపాదకుల అంతర్జాతీయ సమితిగా విస్తరించినది. ఆధారములు వ్రాయు తీరును అమెరికా దేశపు జాతీయ వైద్య గ్రంథాలయము రూపొందించినది.

ఈ పద్ధతిలో వ్యాసమునందు రచయిత పేరు కనబడనవసరము లేదు. ఒక సంఖ్య మాత్రమే కనబడును. మొదట పేర్కొన్న ఆధారము 1, తరువాతిది 2. అదే ఆధారము మరల వచ్చిన యెడల పాత సంఖ్యనే వాడవలెను. చివరి పట్టికలో ఇంటిపేరు, దాని తరువాత చుక్కలు లేకుండ పొడి అక్షరములు, వ్యాసము పేరు, పత్రిక సంక్షిప్త నామము, సంవత్సరము, సంపుటము, పుటలు వరుసగా వ్రాయవలెను.

దీని మేలును తక్కువగా ఎంచరాదు. టైపు యంత్రముల కాలములో ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క రూపముండెను. ఒకచోట తిరస్కరింపబడిన వ్యాసమును మరియొకచోటికి పంపవలెనన్న, ఆధారములన్నియు మరల టైపు చేయవలసి వచ్చెడిది. ఆ భారమును ఈ నియమములు తగ్గించినవి. పట్టికను చూచి మూలమును సులభముగా వెదకి పట్టుకొనవచ్చును. చదువరిని మూలము యొద్దకు చేర్చుటయే ఆధారసూచన మొదటి ధర్మము గనుక, ఆ మేరకు ఈ పద్ధతి ప్రశంసనీయమే.

2. పేరు విషయమైన చిక్కు

ఈ పద్ధతి ప్రతి మనుష్యునికి చివర ఇంటిపేరు ఉండునని తలంచుచున్నది. తెలుగువారికి ఇంటిపేరు ముందుండును. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1925లో సైరస్ ఫిస్క్ అను శాస్త్రజ్ఞునితో కలిసి, భాస్వరమును రంగు ద్వారా కొలుచు పద్ధతిని గూర్చి ప్రచురించిన వ్యాసము విజ్ఞానశాస్త్రములో మిక్కిలిగా ఉదహరింపబడిన వ్యాసములలో ఒకటి. వాంకూవర్ పట్టికలో అది "ఫిస్క్ సిహెచ్, సుబ్బారావు వై" అని యుండును. ఫిస్క్ గారి ఇంటిపేరు నిలిచినది. యల్లాప్రగడవారి ఇంటిపేరు ఒక్క అక్షరమైనది. సుబ్బారావు అను పేరుగల తెలుగువారు ఎందరున్నారో మనమెరుగుదుము గదా!

ఒకే పరిశోధకుని పేరు ఒక వ్యాసములో ఒక తీరుగా, మరియొక వ్యాసములో తలక్రిందులుగా నమోదైన యెడల, పట్టికలలో ఆయన ఇద్దరు మనుష్యులగును. 2012లో ప్రారంభమైన ఆర్కిడ్ అను 16 అంకెల గుర్తింపు సంఖ్య ఈ చిక్కును కొంత తీర్చుచున్నది. అయినను మన రచయితలు మొదటి వ్యాసము నుండియే తమ పేరును ఒకే విధముగా వ్రాయుట మేలు.

3. అసలైన లోపము

అయితే పేరు తప్పిన యెడల దిద్దుకొనవచ్చును. అంతకంటె లోతైన లోపమొకటి కలదు. రూపమును గూర్చిన ఏ నియమమైనను, ఆధారము సరిగా వ్రాయబడినదా అని చూచునే గాని, రచయిత దానిని చదివెనా అని చూడజాలదు.

దీనికి ఒక విచారకరమైన ఉదాహరణ కలదు. 1980 జనవరిలో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో పోర్టర్, జిక్ అనువారు సంపాదకునికి వ్రాసిన లేఖ ఒకటి ప్రచురింపబడెను. అందులో ఉన్నవి ఐదు వాక్యములే. ఆసుపత్రిలో ఉంటూ నల్లమందు జాతి నొప్పి మందులు పొందిన 11,882 మంది రోగులలో, పూర్వము వ్యసనము లేని నలుగురికి మాత్రమే వ్యసనము కలిగినట్లు నమోదైనదని అందలి సారాంశము. ఇంటికి వెళ్లి నెలల తరబడి ఆ మందులు మ్రింగినవారిని గూర్చి అందులో ఒక్క మాటయు లేదు.

2017లో అదే పత్రికలో కెనడా పరిశోధకులు కొందరు, ఆ లేఖను పేర్కొన్న 608 రచనలను పరిశీలించి తమ లెక్కను ప్రచురించిరి. వాటిలో 439 రచనలు, అనగా నూటికి 72 వంతులు, ఈ మందుల వలన వ్యసనము అరుదు అనుటకు ఆ లేఖను రుజువుగా చూపెను. ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవారని 491 రచనలు చెప్పనే లేదు. అమెరికాలో ఈ జాతి మందుల వలన లక్షలమంది ప్రాణములు కోల్పోయిరి. ఆ విపత్తుకు కారణములు అనేకములు. అయినను ఆ లేఖను విమర్శ లేకుండ ఉదహరించుట కూడ అందుకు తోడ్పడినదని ఆ పరిశోధకుల అభిప్రాయము. పత్రిక సంపాదకులు ఆ పాత లేఖకు ఒక హెచ్చరికను జతచేసిరి.

ఇక్కడ మనము గమనించవలసినది ఏమనగా, ఆ రచనలలో సంఖ్య యున్నది, సంపుటము యున్నది, పుట యున్నది. రూపములో లోపము లేకపోయినను సాక్ష్యము వక్రమైనది. పైగా సంఖ్య పద్ధతిలో చదువరి కన్ను ఆగకుండ సాగిపోవును. "1980లో వచ్చిన ఒక లేఖ ప్రకారము" అని వాక్యములోనే వ్రాసియున్న యెడల, అది లేఖ మాత్రమే గదా అని కొందరైనను ఆగి ఆలోచించియుందురు.

4. మా అనుభవము, మనవి

ఇతరులను విమర్శించు మేము నిర్దోషులము కాము. తిరిగి వచ్చిన మా వ్రాతప్రతిని సరిచేయునప్పుడు, మేము ఎన్నడును తెరచి చూడని ఆధారములు నాలుగు కనబడెను. వాటిని వేరొకరి పట్టిక నుండి ఎత్తి వ్రాసికొంటిమి. తెప్పించి చదువగా, వాటిలో ఒకటి క్యాన్సరు రోగులకు మాత్రమే చెందినది. మేము దానిని రోగులందరికి వర్తింపజేసితిమి. ఆ వాక్యమును కొట్టివేసితిమి. పత్రిక ఆక్షేపించినది మాత్రము మా కామాలను, చుక్కలను!

కనుక యువ పరిశోధకులకు మా మనవి ఇది. కామాల సంగతి నేడు కంప్యూటరు చూచుకొనును. మీరు చేయవలసినది, ప్రతి ఆధారమును తెరచి, అది ఎవరిని గూర్చి, ఎక్కడ, ఎంతమందిని చూచి చెప్పినదో ఒక వాక్యములో వ్రాసి పెట్టుకొనుట. ఆ వ్యాసము తరువాత ఉపసంహరింపబడినదేమో చూచుట. మూలము దొరకని యెడల దానిని విడిచిపెట్టుట. పరీక్షించు గురువులు కూడ పట్టిక నుండి రెండు మూడు ఆధారములను ఎన్నుకొని, "ఇందులో ఏమున్నది?" అని విద్యార్థిని అడుగుట మంచిది.

గడప త్రొక్కని ఇంటిని దర్శించితినని నివేదికలో వ్రాయు బోధకుని మనమేమందుము? చదువని వ్యాసమునకు సంఖ్య వేయుటయు అట్టిదే.