ఎవరి గొంతు, ఎవరి సొత్తు

2023 డిసెంబర్‌లో అమెరికా పాప్ పాటల చార్టు, బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి ఎక్కిన పాట అరవై అయిదేళ్ల కిందటిది. 'రాకిన్ ఎరౌండ్ ద క్రిస్మస్ ట్రీ'. బ్రెండా లీ దాన్ని 1958లో నాష్‌విల్‌లో రికార్డు చేసినప్పుడు ఆమె వయసు పదమూడు. చార్టులో మొదటిదయ్యే నాటికి డెబ్బై ఎనిమిది. ఆ స్థానం దక్కినవాళ్లందరిలోకీ ఆమే పెద్దదని పత్రికలు రాశాయి. ఆ వార్త చదివి సంబరపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. పాటకి ఆ ఏడాదే కొత్తగా తీసిన వీడియో చూశాక ఆ సంబరం కాస్త తగ్గింది. అందులో ఒక పెద్దావిడ నవ్వుతూ పెదవులు కదుపుతూ ఉంటుంది. మనకి వినబడేది చిన్నపిల్ల గొంతు.

ముసలితనం దగ్గర పడ్డాక స్త్రీ గొంతుకి విలువ ఉండదన్నది సినిమా పాటల్లోనూ, సాహిత్యంలోనూ మనకి తెలిసిన సంగతే. బ్రెండా లీ విజయం దాన్ని తిప్పికొట్టిందనడం నాకు తేలిక మాటగా అనిపిస్తుంది. చోటు దొరికింది ఆమె చిన్నతనానికి. అదైనా ఎలాంటి చిన్నతనం! ఎనిమిదేళ్లప్పుడు తండ్రి పోతే పాటలు పాడి ఇంటిని పోషించిన పిల్ల. మనకి కేరింతలా వినిపించేది ఆ పిల్లకి బతుకుతెరువు. 1970లలో, నడివయసుకి దగ్గరవుతూ ఆమె పాడిన కంట్రీ పాటలేవీ ఈ వెల్లువలో కొట్టుకు రాలేదు.

'పాత క్రిస్మస్ పాటలు తిరిగొచ్చాయి' అంటున్నారు కానీ, నిజానికవి ఎక్కడికీ పోలేదు. ఒకప్పుడు చార్టు లెక్కపెట్టింది కొత్తగా అమ్ముడైన రికార్డుల్ని, రేడియోలో వేసిన పాటల్ని. ఒకసారి కొన్న రికార్డు ముప్ఫై డిసెంబర్లు ఇంట్లో మోగినా, వంటింట్లో కేకు చేస్తూ, చెట్టు అలంకరిస్తూ ఎన్నిసార్లు విన్నా అది ఏ లెక్కలోకీ రాలేదు. ఇంటిపని ఎలా లెక్కలోకి రాలేదో అలాగే. ఏటేటా అదే చాకిరీ, అదే పాట. స్ట్రీమింగ్ వచ్చాక ప్రతి వినికిడీ ఒక అంకె అయింది. మరియా కేరీ 'ఆల్ ఐ వాంట్ ఫర్ క్రిస్మస్ ఈజ్ యూ' 1994లో వచ్చినప్పుడు అమెరికాలో దాన్ని విడి రికార్డుగా అమ్మలేదు. అప్పటి నిబంధనల ప్రకారం అలాంటి పాటకి హాట్ 100లో ప్రవేశమే లేదు. అదే పాట 2019లో మొదటి స్థానానికి చేరింది. పాటలో అక్షరం మారలేదు, మారింది కొలబద్ద.

లెక్కలోకి రావడం చిన్న విషయమని నేననను. ఇంటిచాకిరీని శ్రమగా లెక్కగట్టమని దశాబ్దాలుగా అడుగుతున్నవాళ్లం మనమే కదా. అయితే ఆ లెక్క ఎవరి ఖాతాలో పడుతోందన్నది రెండో ప్రశ్న. మరియా కేరీ ఆ పాటని ఇంకొకరితో కలిసి రాసుకుంది కూడా. కాబట్టి పాట తిరిగి వస్తే రచయిత వాటా ఆమెకీ వస్తుంది. కేవలం పాడినవాళ్ల కథ వేరు.

ఏటా డిసెంబర్‌లో మోగే పాటల్లో కొన్ని 1963 నాటి ఒక ఆల్బమ్‌లోవి. డార్లీన్ లవ్, రోనెట్స్, క్రిస్టల్స్ పాడారందులో. ఎక్కువ భాగం నల్లజాతి యువతుల గొంతులే. ఆల్బమ్ పేరు మాత్రం 'ఎ క్రిస్మస్ గిఫ్ట్ ఫర్ యూ ఫ్రమ్ ఫిల్ స్పెక్టర్'. అంటే కానుక నిర్మాతది. చివరి పాటలో గాయనీ గాయకులు వెనక మెల్లగా పాడుతుంటే ఆయన వాళ్ల మీదుగా మాట్లాడి శ్రోతలకి కృతజ్ఞతలు చెబుతాడు. ఇంత నిస్సంకోచంగా తన స్వభావాన్ని చెప్పుకున్న పితృస్వామ్య రచన నేను సాహిత్యంలో కూడా ఎక్కువ చూడలేదు. (ఆ స్పెక్టర్‌కే 2009లో లానా క్లార్క్‌సన్ అనే నటి హత్య కేసులో శిక్ష పడింది. 2021లో ఖైదీగానే పోయాడు.)

డార్లీన్ లవ్ 1962లో పాడిన 'హీజ్ ఎ రెబెల్' మొదటి స్థానానికి వెళ్లింది. రికార్డు మీద వేసిన పేరు ఆమెది కాదు, క్రిస్టల్స్‌ది. 1980ల మొదట్లో ఆమె లాస్ ఏంజెలిస్‌లో ఇళ్లు శుభ్రం చేసి బతికింది. ఎవరింట్లోనో బాత్రూమ్ కడుగుతుంటే రేడియోలో తన క్రిస్మస్ పాటే వినబడిందట. ఆ క్షణమే మళ్లీ పాడాలని నిశ్చయించుకున్నానని ఆమె చెప్పుకుంది. దీన్ని అందరూ స్ఫూర్తి కథగా చెబుతారు. నాకు మాత్రం అది జమాఖర్చుల కథగా కనిపిస్తుంది. అమెరికాలో రేడియో స్టేషన్ పాట వేస్తే రాసినవాళ్లకి డబ్బు చెల్లించాలి, పాడినవాళ్లకి చెల్లించక్కర్లేదు. ఆ చట్టం ఇప్పటికీ అంతే. అంటే ఆ బాత్రూమ్‌లో ఆ నిమిషాన ఆమెకి కూలి వచ్చేది చీపురుకే గానీ గొంతుకి కాదు.

రోనెట్స్ సంగతి కోర్టుకెక్కింది. రోనీ, ఆమె అక్క ఎస్టెల్, కజిన్ నెడ్రా 1963లో స్పెక్టర్ కంపెనీతో ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. వాళ్లకి ముట్టింది ముగ్గురికీ కలిపి సుమారు 15 వేల డాలర్ల అడ్వాన్సు. రాయల్టీ లేదు. రోనీ 1968లో స్పెక్టర్‌నే పెళ్లాడింది. అతను తనని ఇంట్లో బందీలా ఉంచాడని తర్వాత ఆత్మకథలో రాసుకుంది. 1980ల చివర్లో వాళ్లు వేసిన దావా 2002లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానంలో తేలింది. అమ్మకాల మీద ఒప్పందం ప్రకారం రావలసిన రాయల్టీ ఇవ్వాలంది కోర్టు. కానీ సినిమాల్లో, టీవీలో ఆ పాటల్ని వాడుకోవడం గురించి ఒప్పందంలో ఒక్క ముక్క కూడా లేదు. హక్కులన్నీ రాసిచ్చాక, వేరేగా రాసుకోకపోతే యజమాని ఎలాగైనా వాడుకోవచ్చని తీర్పు. కాగితం మీది మౌనం యజమాని పక్షాన మాట్లాడింది.

'గొంతు విప్పడం', 'గొంతు వినిపించడం' అని మనం రాస్తూనే ఉంటాం. నా వ్యాసాల్లోనూ ఆ మాటలకి కొదవ లేదు. వినబడితే చాలు, సగం న్యాయం జరిగినట్టేనన్న నమ్మకం ఆ మాటల్లో ఉంది. రోనీ 2022 జనవరిలో చనిపోయింది. రోనెట్స్ 'స్లే రైడ్' ఈ మధ్య డిసెంబర్లలో మొదటి పది పాటల్లోకి వచ్చింది. ఇంతకంటే బాగా వినబడటం సాధ్యం కాదు. మరుగున పడ్డ రచయిత్రుల్ని వెలికితీసే పనిలో ఉన్నవాళ్లకి ఈ తేడా కొత్త కాదు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో 'రాధికాసాంత్వనము' తిరిగి అచ్చు వేసినప్పుడు కావ్యాన్ని అందుబాటులోకి తేవడంతో ఆగలేదు. ముందటి ముద్రణలో ఎత్తేసిన పద్యాలతోపాటు ముద్దుపళని తన గురించి, తన వంశం గురించి చెప్పుకున్నవీ వెతికి మరీ చేర్చింది. కావ్యం రావడం వేరు, కవయిత్రి రావడం వేరు.

స్ట్రీమింగ్ జాబితాలు చేసేది మొదటి పని మాత్రమే. వాటిలో డార్లీన్ లవ్ పాట ఎప్పుడూ 1963లోనే ఉంటుంది. కానీ అదే 'క్రిస్మస్ (బేబీ ప్లీజ్ కమ్ హోమ్)'ని ఆమె డేవిడ్ లెటర్‌మాన్ టీవీ షోలో 1986 నుంచి 2014 దాకా దాదాపు ప్రతి ఏడాదీ పాడింది. ఆ ప్రదర్శనలు చాలావరకు దొరుకుతాయి, నేను వరసపెట్టి చూశాను. నలభై అయిదేళ్ల గొంతు డెబ్బై మూడుకి చేరుతుంది. కింది స్వరాలు బరువెక్కుతాయి. వెళ్లిపోయినవాణ్ని రమ్మని బతిమాలే చోట, మొదటి రికార్డులో ఆరాటం ఉంటే, చివరికొచ్చేసరికి ఇంచుమించు ఆజ్ఞ వినబడుతుంది. పాట పూర్తయ్యాక ఆమె ఊపిరి పీల్చుకోవడం కూడా వినొచ్చు. చార్టు ఎక్కింది మాత్రం ఆ పాత రికార్డే.